మూడున్నర లక్షల కెమెరా కొనివ్వాలా మేష్టారూ?

రాజాం దగ్గర పల్లె నుంచి ఒక తండ్రి రాశారు:

"నాకు 22 ఏళ్లుగా ఎరువుల కొట్టుంది. మావోడు డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీకి వెళ్తున్నాడో లేదో గానీ పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్ల వెంట తిరుగుతున్నాడు. ఫ్రీలాన్స్ వీడియోగ్రాఫర్ అవుతాడంట. కెమెరాకీ లెన్సులకీ మూడున్నర లక్షలు కావాలంటున్నాడు. వాళ్లమ్మ గాజులు తాకట్టు పెడదామంటాది. నేను బ్యాంకు కోచింగ్‌కి విశాఖ పంపుదామంటున్నాను. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. మా తోడల్లుడి కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేరు. నలుగురిలో మావోడి గురించి అడిగితే ఏటి చెప్పాలో తెలీటం లేదు మేష్టారూ."

అయ్యా, పోలిక తర్వాత చేద్దాం. మీ ఉత్తరంలో అసలు బాధ చివరి వాక్యంలో ఉంది. మీకు మూడున్నర లక్షల కన్నా తోడల్లుడి ముందు నోరు పెగలకపోవడం బరువుగా ఉంది. తప్పు పట్టడం లేదు. ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. కొన్నాళ్లు యానిమేషన్ అన్నారు, కొన్నాళ్లు హోటల్ మేనేజ్‌మెంట్ అన్నారు, ఇప్పుడు కెమెరా. కోర్సు పేరు మారుతుంది గానీ చివరి వాక్యం మాత్రం మారదు.

ముందు మీ కొట్టు సంగతి మాట్లాడుకుందాం. తొలకరి పడగానే మీకు సందడి. ఎదపెట్టే రోజుల్లో యూరియా లారీ వస్తే అన్నం తినే తీరిక ఉండదు. కోతలైపోయాక ఈగలు తోలుకుంటారు. సగం సరుకు అరువు మీద పోతుంది, ధాన్యం డబ్బులు పడ్డాక సంక్రాంతి ముందు ఊళ్లమ్మట తిరిగి వసూలు చేసుకుంటారు. కొందరు ఇస్తారు, కొందరు పై ఏడాదికి తోసేస్తారు. 22 ఏళ్లలో ఏ ఒకటో తారీఖునైనా మీ ఖాతాలో జీతం పడిందా? రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రోజుల నుంచి, విజయనగరంలో కలిసిన ఈ రోజు దాకా, నెల జీతం ముఖం చూడకుండానే మీరు ఇల్లు కట్టారు, పిల్లల్ని చదివించారు. మీవాడు ఎంచుకున్నదీ ఇలాంటి బతుకే. అరువు ఇవ్వడం ఎలాగో, ఎవరికి ఇవ్వకూడదో, సీజన్లో వచ్చింది సీజన్ లేనప్పటికి ఎలా దాచాలో ఆ ఇంట్లో మీకన్నా తెలిసినవారు లేరు. ఆ పాఠం వాడికి ఎప్పుడైనా చెప్పారా? "కొట్టు జోలికి రాకు, చదువుకో" అని తరిమే ఉంటారు. ఇప్పుడు లెక్క తెలియని కుర్రాడు మూడున్నర లక్షలు అడుగుతున్నాడని బెంగపడుతున్నారు. అందులో మీ పాలూ ఉంది.

ఇక మీవాడి వంతు. ఇక్కడ నాకూ అనుమానాలున్నాయి, దాచను.

ఫ్రీలాన్స్ అన్న మాట వినడానికి బాగుంటుంది. నా యజమాని నేనే, నచ్చిన పని నచ్చినప్పుడు చేస్తాను అని వీడియోల్లో చెబుతారు. మన వైపు ఆ మాటకి అర్థం "పిలిస్తే వెళ్లేవాడు" అని. పెళ్లి బేరం కుదుర్చుకునేది స్టూడియో యజమాని. అడ్వాన్సు ఆయనకి, ఆల్బం లాభం ఆయనకి. కుర్రాళ్లకి రోజు కూలి. కెమెరా సొంతమైతే కూలి కొంచెం ఎక్కువ ఇస్తారు, అంతే తేడా.

ఒక లెక్క వేసి చూడండి. వ్యాపారస్తులు కాబట్టి మీకు తొందరగా ఎక్కుతుంది. మూడున్నర లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్ల వాయిదాల్లో తెస్తే నెలకి దాదాపు 12,000, ఏడాదికి 1,44,000. కొత్త కుర్రాడికి ఏడాదిలో 40 రోజుల పని దొరికింది, రోజుకి 3,000 ఇచ్చారు అనుకుందాం. వచ్చేది 1,20,000. వాయిదాకే చాలదు. పెట్రోలు, బ్యాటరీలు, ఫోను ఖర్చు ఇంకా మొదలే కాలేదు. పైగా కెమెరా భూమి కాదు. నాలుగేళ్లకి కొత్త మోడల్ వచ్చి పాతదాన్ని సగానికి కూడా అడగరు.

ఆ 40 రోజులైనా వరసగా వస్తాయా? ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. మధ్యలో మూఢం వచ్చిందంటే అంతే సంగతులు. 2024లో మే, జూన్ రెండు నెలలూ మూఢంలో కొట్టుకుపోయాయి. వేసవి పెళ్లిళ్ల మీద ఆశపెట్టుకుని అప్పు చేసి కెమెరాలు కొన్నవాళ్లు ఆ రెండు నెలలూ వాటిని తుడుచుకుంటూ కూర్చున్నారు. పంచాంగం చూడకుండా ఈ పనిలోకి దిగడం అంటే వాన సంగతి తెలియకుండా నారు పోయడమే.

డబ్బు ఆలస్యం గురించి వేరే చెప్పాలా? పెళ్లివారు పెళ్లయ్యాక వీడియో సంగతి మర్చిపోతారు, మిగతా సొమ్ము సంగతి ముందే మర్చిపోతారు. తప్పు రెండు వైపులా ఉందనుకోండి. మా ఇంట్లో ఒక పెళ్లికి తీసినాయన పెన్‌డ్రైవ్ ఎనిమిది నెలలకి ఇచ్చాడు. పెట్టి చూస్తే తాళి కట్టేటప్పుడు మైకు పనిచేయలేదు, పాట వేసి కప్పేశాడు.

డ్రోను పిచ్చి కూడా ఉంటే ఒక్క ముక్క. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటినదాన్ని కూలికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. విమానాశ్రయం చుట్టుపక్కల అనుమతి లేకుండా ఎగరేయడానికి వీల్లేదు, భోగాపురం వైపు పెళ్లిళ్లు ఒప్పుకునేటప్పుడు ఇది గుర్తుండాలి. ఇప్పటికి డ్రోను మాట వదిలేయమనండి.

ఊళ్లో ఆరు నెలల డిప్లొమాలు అమ్మేవాళ్లకి కూడా డబ్బు కట్టకండి. నిజంగా ఛాయాగ్రహణం చదవాలని ఉంటే పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1960 నుంచి నడుస్తోంది. అక్కడ సినిమాటోగ్రఫీలో చేరాలంటే డిగ్రీ అడుగుతారు. కాబట్టి డిగ్రీ మానేస్తానన్న మాట వాడి నోట వస్తే అక్కడ మాత్రం మీరు గట్టిగా ఉండండి. నేనూ మీ వైపే.

ఇంత చెప్పాక, వద్దంటున్నారా మేష్టారూ అంటారు. లేదు. ఈ పనిలో నిలబడ్డవాళ్లని చూశాను. ఆమదాలవలస వైపు కుర్రాడొకడు నా దగ్గర చదివాడు. మొదటి ఏడాదే ఒక పెళ్లిలో అప్పగింతలు తీసిన ఎస్‌డీ కార్డుని తెల్లారి నిద్రమత్తులో చెరిపేశాడు. తీసుకున్నదంతా తిరిగిచ్చేసి, రెండు నెలలు ఇంట్లోంచి బయటకి రాలేదు. ఇప్పుడు వాడి చొక్కాకి రెండు జేబులు కుట్టించుకుంటాడు. ఖాళీ కార్డులు కుడి జేబులో, నిండినవి ఎడమ జేబులో. ఒక్కో కార్డు మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో నంబరు. రెండు డిస్కుల్లోకి కాపీ అయిందని కళ్లతో చూశాకే ఎడమ జేబు ఖాళీ చేస్తాడు. వాడికి పెళ్లివారు ఫోన్ చేసి తారీఖు అడిగి ముహూర్తం పెట్టుకుంటున్నారని నాతో గొప్పలు చెబుతుంటాడు. సగం నిజమైనా చాలు.

ఈ పనిలో కెమెరా కన్నా ఆ జేబులు ముఖ్యం. 4కె వీడియోని సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది. ఆరు గంటల పెళ్లికి రెండు కెమెరాలంటే 540 జీబీ. రెండు కాపీలు ఉంచాలంటే 1 టీబీ డిస్కు కూడా చాలదు. మీవాడి మూడున్నర లక్షల చిట్టాలో హార్డ్‌డిస్కు ఉందేమో అడగండి. ఉండి ఉండదు. మైకు ఉందా? సన్నాయి, డోలు ఒక్కసారి ఎత్తుకునేటప్పుడు శబ్దం పగిలిపోకుండా ముందే తగ్గించి పెట్టుకోవడం తెలుసా? మన కరెంటు 50 హెర్ట్‌జ్, కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు దగ్గరో 1/100 వంతు దగ్గరో పెట్టకపోతే మండపం లైట్ల కింద నల్ల చారలు పాకుతాయి. ఇవి చెప్పగలిగితే వాడు వెంట తిరగడంలో ఏదో నేర్చుకున్నాడని. చెప్పలేకపోతే సరదాకి తిరుగుతున్నాడని.

మీ చేతిలో ఇంకో పరీక్ష కూడా ఉంది. దసరా అయ్యాక మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరుగుతుంది కదా. చేతిలో ఉన్న ఫోన్‌తోనే తీసుకురమ్మనండి. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మొదటి చుట్టులో జనం తలకాయలే వస్తాయి, అందరికీ అంతే. రెండో చుట్టుకి ఎక్కడ నిలబడాలో కనిపెట్టాడా, ముందు నడిచే పాలధార, అంజలి రథం, బెస్తవారి వల వదిలేయకుండా పట్టుకున్నాడా, మాను చివర కూర్చున్న పూజారి ముఖం మూడో చుట్టుకైనా దొరికిందా చూడండి. పెళ్లిలో ఆ వెసులుబాటు ఉండదు. రాత్రి రెండు గంటల ముహూర్తం. పురోహితుడి చేయి ఒకవైపు, మేనమామ భుజం ఒకవైపు, ఆ సందులోంచి జీలకర్ర బెల్లం ఒక్కసారే కనిపిస్తుంది. మళ్లీ పెట్టండి అనడానికి లేదు.

పెళ్లిళ్లే పని అనుకోవడం కూడా పొరపాటే. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. ఆ పళ్ల మధ్యలోంచి దూది దారాల్లా విడిపోవడం, ఆ చిన్న గరగర శబ్దం, ఏకే ముసలమ్మ వేళ్లు మూడు నిమిషాల్లో చూపించగలిగితే ఆ ఖద్దరు అమ్మేవాళ్లకి అది పనికొస్తుంది. పలాస జీడిపప్పు వ్యాపారులకి, బడ్జెట్ తక్కువైన కాలేజీలకి, కొత్తగా తెరిచే ఆసుపత్రులకి ఇప్పుడు వీడియో కావాలి. వాళ్లకి మూఢం లేదు, ఆషాఢం లేదు. ఈ పనికి మన వైపు ఇంకా తక్కువమందే దిగారు, అందరూ పెళ్లి పందిట్లోనే ఒకరి నెత్తి మీద ఒకరున్నారు.

అమ్మ గాజుల సంగతి. ఆమె తాకట్టు పెడదామంటే మీరు కోచింగ్ అంటున్నారని రాశారు గానీ, ఆ మాట ఆవిడ ఎందుకన్నదో ఆలోచించారా? ఇంట్లో తండ్రీ కొడుకులు మాట్లాడుకోవడం మానేస్తే మధ్యలో ఆడమనిషి బంగారంతోనే రాజీ కుదర్చాలనుకుంటుంది. గాజులు బీరువాలోనే ఉండాలి. రేపు నిజంగా అవసరమైతే ముద్ర రుణం ఉంది, తాకట్టు లేకుండా 50,000 లోపు శిశు కింద, ఆ పైన 5 లక్షల దాకా కిశోర్ కింద ఇస్తారు. అది కూడా ఇప్పుడు కాదు.

కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా ఎవరైనా మంచి కెమెరామన్ దగ్గర సహాయకుడిగా పనిచేయనివ్వండి. మీ కొట్టులో వాడే ఎర్ర అట్ట చిట్టా పుస్తకం ఒకటి ఇచ్చి, ఏ రోజు ఎక్కడికి వెళ్లాడు, ఎంత ఒప్పుకున్నారు, ఎంత ఇచ్చారు, ఎంత నిలిచింది, దారి ఖర్చెంత అని వాడి చేతనే రాయించండి. నెలకోసారి ఇద్దరూ కూర్చుని చూడండి. సలహాలు ఇవ్వకండి, అంకెలు మాత్రం అడగండి. ఆ పుస్తకంలో 40 రోజులు కనిపిస్తే పాత కెమెరా అయినా ఒకటి కొనొచ్చు, పెద్ద లెన్సు కావాలన్న రోజున అద్దెకి తెచ్చుకుంటాడు. 15 రోజులు కూడా లేకపోతే వాడే మీ దగ్గరకొచ్చి బ్యాంకు పరీక్ష సంగతి ఎత్తుతాడు, మీరు తోయక్కర్లేదు.

బ్యాంకుతో పోల్చమన్నారు కదా. బ్యాంకులో ఉద్యోగం వస్తే స్థిరంగా ఉంటుంది, అది మీకూ తెలుసు. రావడానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు, అదీ తెలుసు. ఇష్టం లేనివాణ్ని విశాఖలో గది తీసి కూర్చోబెడితే ఆ గది అద్దె, కోచింగ్ ఫీజు, తిండి కలిపి రెండేళ్లకి ఆ కెమెరా ధరకి దగ్గరగానే వస్తుంది. వయసు 20 అనుకుంటాను. ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షకి 30 దాకా టైముంది. ఒక సీజన్ పోతే ఏమీ కాదు.

తోడల్లుడు అడిగితే "మావోడు వీడియోలు తీస్తున్నాడు, మీ అబ్బాయి పెళ్లికి తేదీ ముందే చెప్పండి" అనండి. అడ్వాన్సు మాత్రం అడిగి తీసుకోండి, చుట్టరికం చూడొద్దు.

ఒకవేళ ఏదైనా ఇప్పుడే కొనిపెట్టాలని మీకే మనసుంటే, కూర్పు చేయడానికి పనికొచ్చే కంప్యూటర్ ఒకటి కొనండి. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది, మిక్సింగ్ ఇంట్లోనే నేర్చుకుంటాడు, పెళ్లిళ్లు లేని నెలల్లో స్టూడియోల వాళ్ల ఫుటేజీ తెచ్చుకుని చేసిపెట్టినా నాలుగు డబ్బులు వస్తాయి. కొనడానికి మీరూ కూడా వెళ్లండి. బిల్లు వాడి పేరు మీద రాయించండి.