కార్డుల మీద మన పండుగలేవీ?

ప్రశ్న: సార్, ఈసారి మా బడి పిల్లలతో బతుకమ్మ గ్రీటింగ్ కార్డులు చేయిద్దామని పాత కార్డులు తీసి చూశాను. అన్నిట్లోనూ కొబ్బరిచెట్లు, హరిదాసు, గొబ్బెమ్మలే. మన పండుగలను కావాలనే పక్కన పెట్టారా?
– ఒక టీచర్, దేవరకొండ

జవాబు: కావాలని అనను టీచరమ్మా, పట్టించుకోలేదంటాను. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర నాకు కార్డుల కొట్టు ఉండేది. డిసెంబర్ చివర్లో దారాలు కట్టి కార్డులు వేలాడదీసేవాళ్లం. సరుకు చాలావరకు శివకాశిది. ఆఫ్‌సెట్‌లో ఒక బొమ్మకు ప్లేట్లు చేశాక వేలల్లో కొట్టకపోతే గిట్టదు. అదే బొమ్మ శ్రీకాకుళంలోనూ, పాలమూరులోనూ అమ్ముడుపోవాలి. ఎక్కువ ఆర్డరు ఎటు నుంచి వస్తే ఆ ఊరి ముగ్గే కార్డెక్కేది. సంక్రాంతికి మన ఇళ్లలో సకినాలు చుడతాం, నోములు నోస్తాం. అవి ఉన్న కార్డు ఒక్కటీ నా కొట్టుకు రాలేదు.

ఇది మన ఒక్కరి బాధే కాదు. అమెరికాలో హాల్‌మార్క్ కంపెనీ 1910లో మొదలైంది. నల్లజాతి కుటుంబాల కోసం ‘మహోగని’ పేరుతో విడిగా కార్డులు తెచ్చింది మాత్రం 1987లో!

ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్‌లో యాభై కార్డులైనా వేసిస్తారు. కాబట్టి పిల్లలు గీసిందే వేయించండి. ఫోన్‌లో దొరికే బొమ్మ చూసి మాత్రం గీయనివ్వకండి. కుండ, దాని మీద దీపం, చుట్టూ వేపమండలు పెట్టి కింద ‘బతుకమ్మ శుభాకాంక్షలు’ అని రాసేస్తున్నారు. అది బోనమయ్యా! చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి వరుసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టాలి. గులాబీలు కార్డులవాళ్ల అలవాటు, మనకొద్దు. బతుకమ్మ రోజుల్లో మీ వైపు గుట్టల మీద తంగేడు విరగబూస్తుంది కదా, పిల్లలను తీసుకెళ్లి అక్కడే గీయించండి.

ప్రశ్న: ముస్లిం మిత్రుడికి మొహర్రం శుభాకాంక్షల కార్డు పంపొచ్చా?
– ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: వద్దు. కర్బలాలో ఇమామ్ హుస్సేన్ ప్రాణాలర్పించడాన్ని తలుచుకునే రోజులవి. మన ఊళ్లలో పీర్ల పండుగ అంటాం, కులమతాలు చూడకుండా అలావ (నిప్పుల గుండం) చుట్టూ ఆడతాం కాబట్టి మీకీ సందేహం వచ్చింది. ఆయన పీర్ల దగ్గరికి వెళ్తుంటే మీరూ కలిసి వెళ్లండి. కార్డు రంజాన్‌కు ఇవ్వొచ్చు.