పంటకుంటలో కప్పల చావు

ప్రశ్న: మా పంటకుంటకు ప్లాస్టిక్ షీటు వేయించాం. వానలు మొదలయ్యాక కప్పలు చచ్చి తేలుతున్నాయి. నీళ్లలో మందు కలిసిందంటారా?

జవాబు: మందు సంగతి తర్వాత, ముందు షీటును అనుమానించండి. తడిసిన నున్నటి ఏటవాలు మీద కప్పకు పట్టు దొరకదు. ఈది ఈది అలసి మునిగిపోతుంది. వేళ్ల చివర అంటుకునే బిళ్లలున్న చెట్టుకప్పలు ఎలాగో ఎక్కేస్తాయి, నేలకప్పలే పోతాయి.

నాలుగు మూలల్లోనూ రెండడుగుల వెడల్పు కొబ్బరిపీచు పట్టా దించండి. గోనె కూడా పనికొస్తుంది గానీ త్వరగా కుళ్లుతుంది. పై అంచును షీటు దాటాక గట్టు మట్టిలో మేకులతో బిగించండి. షీటుకు మాత్రం చిల్లు పెట్టకండి. కింది కొసకు ఇసుక సంచి కట్టండి, రాయి అయితే షీటు కోసుకుపోతుంది. చాలామంది పట్టాను సగం దాకానే వదులుతారు. నీరు తగ్గగానే అది గాల్లో వేలాడుతుంది, కప్పకు అందదు. అడుగు దాకా వేయాల్సిందే.

దోమలకని గంబూసియా చేపలు వదిలారా? అవి కప్పగుడ్లనూ తోకకప్పలనూ తినేస్తాయి. స్ప్రేయర్ ట్యాంకును కుంటలో కడగడం మానేయండి. కప్పకాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే ఆపేసింది. పొలంలో వాటిని కాపాడుకోవడం మాత్రం రైతు చేతిలోనే ఉంది.