కొత్త చేపలు పట్టుకెళ్లకండి

ప్రశ్న: మా చెల్లెలు, మరిది గుంటూరు శివార్లలో చిన్న షెడ్డు వేసి ఆక్వాపోనిక్స్ చేస్తున్నారు. చేపల ట్యాంకు నీళ్లతోనే ఆకుకూరలు పండిస్తారు. మొన్నటి తుపానుకి షేడ్ నెట్ చిరిగిపోయింది, మొక్కలు పెట్టిన కంకర బెడ్లు రెండు ఒరిగిపోయాయి, ఒక రోజంతా కరెంటు లేదు. ఇప్పటికీ వస్తూ పోతూ ఉంది. సగం చేపలు పోయాయి, ఉన్నవి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయట. ఆదివారం మేం వెళ్తున్నాం. కొత్త చేపపిల్లలు కొనిద్దామని మావారు, బెడ్లన్నీ బ్లీచింగ్‌తో కడిగేద్దామని చెల్లెలు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రెండూ వద్దండీ. ఆదివారం దాకా ఆగకుండా ఇప్పుడే చెల్లెలికి ఫోన్ చేయండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే నీళ్లలో ఆక్సిజన్ లేదని. కరెంటు లేనప్పుడు బకెట్‌తో ఆ ట్యాంకు నీళ్లే ముంచి, ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తూ ఉండాలి, చేతులు నొప్పెడితే ఇంకొకరు అందుకోవాలి. చచ్చిన చేపల్ని వెంటనే తీసేయాలి. మేత రెండు మూడు రోజులు పూర్తిగా ఆపేయమనండి. పాపం నీరసంగా ఉన్నాయని గుప్పెడు ఎక్కువ వేస్తుంటారు, అదే వాటి ప్రాణం మీదకు తెస్తుంది.

ఎందుకంటే చేపలు వదిలే అమ్మోనియాని కంకరలో ఉండే బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది, ఆ నైట్రేటే మొక్కలకు ఎరువు. ఒక రాయి తీసి వేళ్లతో రుద్దితే సన్నటి జిడ్డు తగులుతుంది చూడండి, మంచి బ్యాక్టీరియా ఉండేది అందులోనే. బ్లీచింగ్ వేస్తే అదంతా చస్తుంది, మళ్లీ కుదురుకోవడానికి నెల, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఈలోగా కొత్త చేపల్ని వదిలితే అమ్మోనియా పెరిగి పాతవి, కొత్తవి కలిసి పోతాయి. ఒరిగిన బెడ్లలో కంకరకు బురద పడితే ట్యాంకు నీళ్లు కాసిని బకెట్లోకి తీసుకుని, వాటితోనే పైపైన కడగండి. కుళాయి నీళ్లతో వద్దు, అందులో క్లోరిన్ ఉంటుంది. కంకర ఎండిపోకుండా తడిగా ఉంచడం ముఖ్యం.

మీరు వెళ్లేటప్పుడు అక్వేరియం షాపులో అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లంగా ఉన్నాయో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) చూసే టెస్ట్ కిట్ కొనుక్కెళ్లండి, చేపపిల్లల కంటే అదే పెద్ద సాయం. అమ్మోనియా ఎక్కువ ఉంటే మూడో వంతు నీళ్లు మార్చాలి, కొత్త నీళ్లని ఒక రోజు గాలి పట్టించాకే పోయాలి. నైట్రైట్ కనిపిస్తే అయోడిన్ కలపని కల్లుప్పు వెయ్యి లీటర్లకు అరకిలో నుంచి కిలో దాకా కరిగించి పోయొచ్చు. చిక్కుడు లాంటివి ఉప్పుకి తట్టుకోలేవు, అవి ఉంటే తక్కువతోనే మొదలుపెట్టండి. వాన నీళ్లు బాగా పడితే పీహెచ్ దిగిపోతుంది, ఆరు కంటే తగ్గితే బ్యాక్టీరియా దాదాపు పని మానేస్తుంది. అలాగని చెరువుల వాళ్లు చల్లుతారు కదా అని సున్నం చల్లేయకండి, పీహెచ్ ఒక్కసారి ఎగిరితే ఉన్న అమ్మోనియానే ఇంకా విషమవుతుంది. ఆల్చిప్పల పొడి గుడ్డలో మూట కట్టి నీళ్లలో వేలాడదీస్తే మెల్లగా సర్దుకుంటుంది.

ఇంకోటి, పొలాల నీళ్లు ట్యాంకులోకి వచ్చాయేమో గట్టిగా అడగండి. గుంటూరు చుట్టుపక్కల మిర్చికి ఎన్ని మందులు కొడతారో మీకు తెలియనిది కాదు. వచ్చి ఉంటే బతికిన చేపల్ని మంచినీళ్ల డ్రమ్ములోకి మార్చి ట్యాంకు ఖాళీ చేయాలి, ఉన్న ఆకుకూరలు తినకూడదు, అమ్మకూడదు.

సర్దడం మొదలుపెట్టకముందే అన్నిటికీ ఫొటోలు తీసి, సచివాలయంలో ఫిషరీస్ అసిస్టెంట్‌కి చెప్పి నష్టం రాయించమనండి. పరిహారం వస్తుందో రాదో తర్వాత సంగతి, ముందు లెక్కలోకి ఎక్కాలి. మీవారికి పని కావాలంటే షేడ్ నెట్ కట్టించండి, నీడ లేకపోతే ట్యాంకు నీళ్లు వేడెక్కుతాయి, వేడి నీళ్లలో ఆక్సిజన్ ఇంకా తక్కువ. చేపపిల్లల డబ్బు అలాగే ఉంచండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా వారం రోజులు సున్నా దగ్గర కనిపించాక కొద్దికొద్దిగా వదలొచ్చు.

ప్రశ్న: మాది సింగ్‌నగర్, డాబా మీద ఇలాంటి చిన్న యూనిట్ పెడుతున్నాం. 2024 సెప్టెంబరు బుడమేరు వరదప్పుడు రోజుల తరబడి కరెంటు లేక పడ్డ అవస్థ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: డాబా మీద కాబట్టి వరద బాధ లేదు, కరెంటు ఒక్కటే. నీళ్ల మోటారుకి కాకుండా ముందు ఎయిర్ పంపుకి బ్యాకప్ పెట్టండి, చిన్నవి కరెంటు తక్కువే లాగుతాయి, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దానికే లైను ఇప్పించండి. చేపలు కూడా కిక్కిరిసి వేయొద్దు. కొరమీను అయితే పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, ఎయిర్ పంపు ఆగినా కొంత తట్టుకుంటుంది. కాకపోతే చిన్నవాటిని పెద్దవి మింగేస్తాయి, సైజులవారీగా వేరు చేసుకోవాలి, ట్యాంకు మీద వల కట్టకపోతే తెల్లారేసరికి డాబా మీద దొర్లుతుంటాయి.