పెరట్లో కొలిమి పెట్టుకుంటే ఆయుధాల కేసు పెడతారా?

ప్రశ్న: మాది అనంతపురం శివారు. వయసు 29, ప్రైవేటు ఉద్యోగం. మా తాత తాడిపత్రి దగ్గర పల్లెలో కమ్మరం చేసేవాడు. ఆయన దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ), సమ్మెట నా దగ్గరే ఉన్నాయి. రెండేళ్లుగా ఆదివారాలు పెరట్లో గ్యాస్ కొలిమి పెట్టి, లారీ కమాన్ కట్టలతో కత్తులు చేస్తున్నా. వంటింటి కత్తులు, మటన్ కొట్టే కత్తులు, ఒకట్రెండు వేటకొడవళ్లు కూడా చేశా. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెడితే ఆర్డర్లు వస్తున్నాయి. చప్పుడు ఎక్కువైందని పక్కింటాయన ఫిర్యాదు చేశాడు. కానిస్టేబుల్ వచ్చి ‘ఆయుధాలు చేసేదానికి లైసెన్స్ ఉందా?’ అని అడిగి స్టేషన్‌కు రమ్మన్నాడు. మా నాయనకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేను చేసేది నేరమా? నా కత్తితో ఎవరైనా ఎవరినైనా నరికితే నేనూ ముద్దాయినేనా? నాటకాల వాళ్లు రెండు కత్తులు చేసిమ్మంటున్నారు, చేయొచ్చా?

జవాబు: ముందు మీ నాయనకు ఒక మాట చెప్పండి. కూరగాయలు తరిగే కత్తి చేయడానికి ఈ దేశంలో ఆయుధాల లైసెన్స్ అక్కర్లేదు. ఆ మాట విని ఆయన పడుకున్నాక, మిగతాది మీరొక్కరే చదవండి. మీరు పంపిన ఫొటోలన్నీ నేను చూశాను, అన్నీ కూరగాయల కత్తులు కావు.

1959 నాటి ఆయుధాల చట్టం కత్తి ఎంత పదునుందని అడగదు. దేనికోసం చేశావని అడుగుతుంది. సెక్షన్ 2 ప్రకారం దాడికో, రక్షణకో ఆయుధంగా రూపొందించిన వస్తువే ఆయుధం. పదునైన మారణాయుధాలూ అందులోకి వస్తాయి. కేవలం ఇంటి పనికో, సేద్యానికో చేసినవి రావు. చేతికర్ర, లాఠీ లాంటివని చట్టమే ఉదాహరణ ఇచ్చింది.

2016 ఆయుధాల నిబంధనల్లో ఐదో కేటగిరీ అని ఒక జాబితా ఉంది. ఖడ్గాలు, బాకులు, బల్లేలు, యుద్ధపు గొడ్డళ్లు అన్నీ అందులో ఉన్నాయి. కత్తుల సంగతికొస్తే బ్లేడు 9 అంగుళాలకన్నా పొడవున్నా, 2 అంగుళాలకన్నా వెడల్పున్నా ఆ జాబితాలోకి వస్తాయి. వంటకు, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మాత్రం మినహాయింపు ఉంది. పొడవు, వెడల్పుల్లో ఏ ఒక్కటి దాటినా చాలు, రెండూ దాటాలని లేదు. మీ మటన్ కత్తి పొడవు 7 అంగుళాలే అయినా వెడల్పు మూడుంది. కొలతను బట్టి చూస్తే దొరికిపోతుంది. వాడకాన్ని బట్టి చూస్తే తప్పించుకుంటుంది. కాబట్టి ఆ వాడకం ఏమిటో కాగితం మీద ఉండాలి. మటన్ కొట్టుకు అమ్మితే కొట్టు పేరుతో బిల్లు రాయండి. ‘మాంసం కొట్టే కత్తి, 1’ అన్న ఒక్క ముక్క చాలు.

కొలత అంటే బ్లేడు కొలత, పిడి లెక్కలోకి రాదు. ఒకసారి నేను వాదించిన కేసులో పంచనామాలో ‘సుమారు అడుగు పొడవు గల కత్తి’ అని రాశారు. కోర్టులో సీలు విప్పించి, టేపు పెట్టి కొలిపించా. పిడి తీసేస్తే ఏడు అంగుళాలు కూడా లేదు. ‘సుమారు’ అని ఎందుకు రాశారని అడిగితే సాక్షి కాసేపు పైకప్పు వైపు చూశాడు.

మీ కత్తుల కన్నా నాకు మీ క్యాప్షన్లంటేనే భయం. ఒక వేటకొడవలి ఫొటో కింద ‘సీమ స్టయిల్, ఒక్క వేటు చాలు’ అని రాసుకున్నారు. కింద ఎవరో ‘రేటెంత అన్నా, పని పడింది’ అంటే మీరు నవ్వే బొమ్మ పెట్టారు. వేటకొడవలి సేద్యపు పనిముట్టే, కంప కొట్టడానికే రైతు వాడతాడని నేను కోర్టులో వాదించగలను. ఆ వాదన తప్పేం కాదు, మన పల్లెల్లో అది నిజం కూడా. కానీ అనంతపురం, కర్నూలు, కడప పోలీసులు ఆ ఆకారాన్ని ఫ్యాక్షన్ కేసుల పంచనామాల్లో ఎన్నోసార్లు చూసినవాళ్లు. దానికితోడు మీ చేత్తో మీరే ‘ఒక్క వేటు’ అని రాశాక, కంప కొట్టడానికని నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? కత్తిని దేనికోసం చేశారో చెప్పే సాక్ష్యాన్ని మీరే తయారుచేసి పెట్టారు.

అలాగని ఇప్పుడు గబగబా ఆ పోస్టులు డిలీట్ చేయకండి. పోలీసులు అడిగాక తీసేస్తే సాక్ష్యం మాయం చేశాడని ఇంకో తలనొప్పి వస్తుంది. ఇకమీదట అలాంటివి రాయకండి. వేటకొడవళ్ల ఆర్డర్లు తీసుకోవడం ఆపండి. రెండువైపులా పదును, మధ్యలో అడ్డపట్టీ ఉన్న బాకులైతే పొడవు ఎంత చిన్నదైనా అసలు ముట్టుకోకండి. జాబితాలో వాటి పేరు విడిగా ఉంది, వాటితో ఇంటి పని కూడా ఏమీ ఉండదు. అలాంటివే చేయాలని గట్టిగా ఉంటే ముందు కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సుల సెక్షన్‌లో అడిగి రండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కేటగిరీలోకి వచ్చేదాన్ని లైసెన్స్ లేకుండా తయారుచేయడం, అమ్మడం సెక్షన్ 5కు విరుద్ధం. సెక్షన్ 25(1) కింద దీనికి ఒకప్పుడు మూడేళ్ల నుంచి ఏడేళ్ల శిక్ష ఉండేది. 2019 డిసెంబర్ సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు బదులు నోటీసు ఇచ్చి పిలిచే వెసులుబాటు ఉంటుంది. దీనికి ఆ ఆశ పెట్టుకోలేం. ఆదివారం సరదాకు అంత మూల్యం వద్దు.

ఇంట్లో ఉంచుకోవడం వేరే సంగతి. తుపాకీకి కావాల్సినట్టు కత్తి దగ్గర ఉంచుకోవడానికి ఎక్కడైనా లైసెన్స్ కావాలని లేదు. సెక్షన్ 4 కింద కేంద్రం ఒక ప్రాంతానికి, ఒక రకం ఆయుధానికి నోటిఫికేషన్ ఇస్తేనే అక్కడ ఆ పట్టింపు ఉంటుంది. ఆ సెక్షన్‌తో కేసు పెడితే నోటిఫికేషన్ కాపీ ఫైల్లో ఉందా లేదా అన్నది మీ వకీలు మొదట చూడాలి.

ఇక మీ రెండో ప్రశ్న. మీరు అమ్మిన కత్తితో ఎవరో నేరం చేస్తే, అంతమాత్రాన మీరు ముద్దాయి కారు. నేరానికి ప్రేరణో, తెలిసి చేసిన సాయమో ఉండాలి. గడ్డపార అమ్మినవాడిని దొంగతనం కేసులో ఎక్కించరు కదా. కానీ కొనేవాడు ‘వాని లెక్క తేల్చాల’ అని మీ ముందే అన్నాడనుకోండి, విని కూడా ఇచ్చారంటే మాత్రం అది తెలిసి చేసిన సాయమే. పైన చెప్పిన ‘పని పడింది’ కామెంట్ మళ్లీ చదువుకోండి. బిల్లు పుస్తకంలో కొన్నవారి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకోవడం అలవాటు చేసుకోండి.

నాటకం కత్తులకు చట్టంలో చక్కటి మినహాయింపు ఉంది. ఆటవస్తువుగా తప్ప వాడలేనిది, పనికొచ్చే ఆయుధంగా మార్చలేనిది ఆయుధం కాదు. ‘మార్చలేనిది’ అన్న మాట ముఖ్యం. కమాన్ కట్టతో మూడడుగుల కత్తి చేసి పదును పెట్టకుండా ఇచ్చారనుకోండి, గ్రైండర్ ఉన్నవాడు పది నిమిషాల్లో దాన్ని ఖడ్గం చేస్తాడు. కాబట్టి రేకుతోనో, చెక్కకు వెండి రంగు వేసో చేయండి. దుర్యోధనుడికి అది చాలు, వెనక వరసలో కూర్చున్నవాళ్లకు తేడా తెలీదు.

పక్కింటాయన విషయంలో న్యాయం కొంత ఆయన వైపే ఉంది. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 హద్దు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. సమ్మెట దెబ్బ దగ్గర ఆ హద్దు నిలవదు. దాగలి కింద ఇసుక తొట్టి పెట్టండి, మధ్యాహ్నం నిద్రవేళ వదిలేయండి, ఆయన ఇంటి కత్తిపీటకు ఉచితంగా పదును పెట్టివ్వండి. చివరిది చట్టంలో లేదు కానీ అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది.

ఇంకో మూడు చిన్న విషయాలు. ఇంటి 14.2 కిలోల సిలిండర్‌తో కొలిమి నడపడం నేరం, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోండి. ఇంటి కరెంటు కనెక్షన్‌తో గ్రైండర్ తిప్పి వ్యాపారం చేస్తే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో బిల్లు వేస్తారు. ఆర్డర్లు తీసుకుంటున్నారు కాబట్టి మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్ కూడా కావాలి. ఉద్యోగం మాని కొలిమినే నమ్ముకునే రోజు వస్తే, 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఉంది. పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు ఇస్తారు. ఆ కార్డు కమ్మరి అని చూపడానికే, ఆయుధాల లైసెన్స్ కాదు.

స్టేషన్‌కు వెళ్లండి, తప్పించుకోకండి. ఒక వకీలునో, ఊళ్లో పెద్దమనిషినో వెంట తీసుకెళ్లండి. చేసిన వంటకత్తుల ఫొటోలు, ఉన్న బిల్లులు పట్టుకెళ్లండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇంటికి వచ్చి వస్తువులు తీసుకెళ్తే కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. తీస్తున్నారా అని మర్యాదగా అడగండి, పంచనామా కాపీ తీసుకోండి. ప్రతి కత్తి బ్లేడు పొడవు, వెడల్పు విడివిడిగా రాయించండి. మీ తాత దాగలిని కూడా తీసుకెళ్తే జాబితాలో ‘ఇనుప దిమ్మ’ అని రాయనివ్వకండి. దాగలి అనే రాయించి, తూకం, గుర్తులు చేర్పించండి. తర్వాత మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసి వెనక్కి తెచ్చుకునేటప్పుడు, స్టేషన్ పెరట్లో తుప్పుపట్టే నాలుగైదు దిమ్మల్లో మీది ఏదో చూపించగలగాలి.