చర్చి ఆర్గాన్ మీద బాఖ్ లాంటి పాత జర్మన్ స్వరకర్తల సంగీతం వాయించే కుర్రవాళ్ళని విని జనం ఎందుకంత మురిసిపోతారు? కర్ణాటక సంగీతం మాత్రమే తెలిసిన చెవికి అందులో ఏం వినపడుతుంది?

నేను జర్మనీలోని హాంబర్గ్‌కి వచ్చి ఏడేళ్ళయింది. మొదట్లో నా లెక్కలో ఆర్గాన్ అంటే పెద్ద హార్మోనియం, అంతే. మా తాతయ్య తెనాలి పక్క పల్లెల్లో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. తిత్తి, గాలి, మెట్లు: అక్కడా అవే, ఇక్కడా అవే. ఆ పోలిక ఎక్కడ చెల్లదో తెలిసిన రోజునే ఈ సంగీతం నా చెవికెక్కింది. ఆ రోజు వాయించింది ఇరవై రెండేళ్ళు కూడా నిండని ఒక అమ్మాయి, సంగీత కళాశాల విద్యార్థిని. అందుకే మీ ప్రశ్నకి ఆ సాయంత్రం గురించే చెప్తాను.

డిసెంబరు మొదటి వారం. క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాలని ఇక్కడ ఆడ్వెంట్ అంటారు, ఊరంతా కచేరీలే. ఇది సెయింట్ యాకోబి చర్చిలో. అక్కడి ఆర్గాన్‌ని ఆర్ప్ ష్నిట్గర్ 1693లో పూర్తి చేశాడు. చేతులకి నాలుగు వరసల మెట్లు, కాళ్ళకి కింద ఇంకో వరస, 60 స్టాప్‌లు (ఒక్కోటి లాగితే ఒక్కో గొంతున్న గొట్టాల వరస పలుకుతుంది), దాదాపు 4,000 గొట్టాలు. మొదటి ప్రపంచయుద్ధంలో ముందు వరస గొట్టాలని లోహం కోసం పట్టుకుపోయారు. రెండో యుద్ధంలో మిగతావాటిని ముందే విప్పి దాచబట్టి దక్కాయి. 1944లో బాంబులు పడి చర్చి కాలిపోయింది. యుర్గెన్ ఆరెండ్ ఆ ఆర్గాన్‌ని మళ్ళీ పాత రూపానికి తెచ్చే పని 1993కి పూర్తయింది. ఆ గొట్టాల్లో కొన్ని ష్నిట్గర్ కంటే పాతవి, అంతకుముందున్న ఆర్గాన్‌లోంచి ఆయన తీసి వాడుకున్నవి.

ఆర్గాన్ ఉండేది మన వెనక, పైన బాల్కనీలో. మనం కూర్చునే బల్లలు ఎదుట బలిపీఠం వైపు తిరిగి ఉంటాయి. వాయించే మనిషి కనపడదు. మన కచేరీల్లో గాయకుడి చెయ్యి ఎటు తిరుగుతోందో, మృదంగం ఆయన కంటితో ఏమంటున్నారో చూస్తూ వింటాం కదా, ఇక్కడ ఎదురుగా కొవ్వొత్తులు, ముందువాళ్ళ కోటు కాలర్లు. సంగీతం వీపు మీదికి వచ్చి పడుతుంది. మొదటి పది నిమిషాలు నాకు వెనక్కి తిరిగి చూడాలనే అనిపించింది. ఆ తర్వాత చూసే పని లేకపోవడం వల్లే బాగా వింటున్నానని తెలిసింది.

ఇక హార్మోనియం సంగతి. తాతయ్య పద్యం చివర రాగం తీసేచోట తిత్తిని గట్టిగా ఒత్తేవారు, స్వరం ఉబికి వచ్చేది. సడలిస్తే సన్నబడేది. ఆర్గాన్‌లో ఆ వీలు లేదు. గాలి ఒత్తిడి ఎప్పుడూ ఒక్కటే. మెట్టుని మెల్లగా నొక్కినా, పిడికిలితో గుద్దినా గొట్టం అదే గొంతుతో పలుకుతుంది. పోనీ వీణ తీగలా మీటాక నెమ్మదిగా ఆరిపోతుందా అంటే అదీ లేదు. వేలు ఉన్నంతసేపూ నిండుగా మోగుతుంది, తీస్తే తెగుతుంది. మరి భావం ఎక్కడ పెట్టాలి? ఏ స్టాప్‌లు లాగాలో ఎంచుకోవడంలో కొంత. మిగతాదంతా వేలు ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు తీయాలి, రెండో స్వరానికి ముందు ఎంత సందు వదలాలి అన్నదాంట్లోనే. చురుకైన వేళ్ళున్న కుర్రవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ సందు తెలిసినవాళ్ళు దొరికినప్పుడే శ్రోతలు పక్కవాళ్ళ వైపు తిరిగి తలాడిస్తారు.

ఆ అమ్మాయి బుక్స్‌టెహూడె డి మైనర్ పాసకాలియాతో మొదలుపెట్టింది. ఈయన 1668 నుంచి 1707లో పోయేదాకా ఇక్కడికి దగ్గర్లోని ల్యూబెక్‌లో మరియా చర్చి ఆర్గనిస్టు. ఇందులో కాళ్ళు ఒక చిన్న వరసని, నాలుగు ఆవర్తాలంత, పట్టుకుని తిప్పుతూనే ఉంటాయి. చేతులు దాని మీద ప్రతిసారీ కొత్తగా అల్లుతాయి. అలా ఏడుసార్లు. తర్వాత గ్రహభేదం చేసినట్టు ఆధారం మారి ఏడుసార్లు, ఇంకోచోటికి వెళ్ళి ఏడు, తిరిగి మొదటికి వచ్చి ఏడు. మొత్తం 28. ఒక్క సాహిత్యపాదం మీద నెరవల్ విని పెరిగినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. నా చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేసుకుంటోంది, మూడేసి లెక్కన. మొదటి ఏడు అయి రెండో ఏడులోకి మళ్ళేచోట ఆ అమ్మాయి ఒక్క ఊపిరంత ఆగింది. తాళం తప్పలేదు, కానీ ఆ ఊపిరి చర్చిలో అందరికీ అందింది. నా ముందు వరసలో ఒకాయన భుజాలు కిందికి దిగడం చూశాను.

ఇంకో సంగతి, మన చెవికే ముందు తెలిసేది. ఈ ఆర్గాన్ శ్రుతి ఇవాళ్టి పియానో కంటే సుమారు రెండు మెట్లు (నల్లవీ తెల్లవీ కలిపి లెక్కిస్తే) ఎక్కువలో ఉంటుంది. పైగా స్థాయిని పియానోలాగా పన్నెండు సమాన ముక్కలు చేయలేదు. కొన్ని గాంధారాలు తంబూరా పక్కన పాడినంత తేటగా పలుకుతాయి, కొన్ని జోడీలు కొంచెం పుల్లగా ఉంటాయి. ఆ పులుపు కూడా పాటలో భాగమే. స్వరకర్త కావాలని అటు తీసుకెళ్ళి తేట స్వరం దగ్గరికి తిరిగొస్తాడు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెకి కాకుండా తంబూరాకి అలవాటుపడిన చెవి అయితే ఇది మొదటి నిమిషంలోనే పట్టేస్తుంది.

రెండోది బాఖ్, 'నున్ కొమ్, డెర్ హైడెన్ హైలాండ్'. పాత లాటిన్ కీర్తనని మార్టిన్ లూథర్ జర్మన్‌లోకి తెచ్చిన ఆడ్వెంట్ పాట అది. బాఖ్ కాళ్ళకి ఆగని నడక ఇచ్చి, ఆ పాటని కుడిచేతిలో పెట్టి, చుట్టూ ఎంత అల్లాడంటే అసలు వరస ఎక్కడుందో వెతుక్కోవాలి. మన గమకం లాంటిది కాదు. స్వరం ఊగదు, జారదు. విడివిడి స్వరాలే తీగలా చుట్టుకుంటాయి. ఆమె దానికి కొంచెం సన్నాయిలా ముక్కుతో పలికే గొట్టాలు ఎంచుకుంది. అల్లికలన్నిటినీ ఒకే తూకంలో వాయించలేదు. పాట అసలు స్వరం వచ్చినచోట రవ్వంత ఎక్కువసేపు నిలిచింది, మిగతావి తేలికగా వదిలేసింది. బలం పెంచే వీల్లేని వాద్యంలో ఏది ముఖ్యమో నాకు స్పష్టంగా చెప్పింది. నా కళ్ళు చెమర్చాయి.

నా పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దావిడ కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు చర్చి బృందంలో పాడారట. ఆవిడ నా వైపు వంగి, "పిల్ల ముందు చర్చిని వింటోంది, తర్వాత వాయిస్తోంది" అన్నారు. ఎత్తయిన కప్పు కింద ప్రతి స్వరం తెగాక కూడా గాలిలో కాసేపు ఉంటుంది. అది ఆరకముందే తర్వాతది వచ్చి పడితే రెండూ కలిసి మురికినీళ్ళవుతాయి. మరీ ఆగితే పాట చచ్చిపోతుంది.

ఆవిడ మాట ఆఖరి అంశంలో పూర్తిగా అర్థమైంది. బాఖ్ సి మేజర్ టొకాటా, అడాజియో, ఫ్యూగ్. మొదట్లోనే చేతులు జల్లుమని ఒక పరుగు తీసి ఆగుతాయి. ఖాళీ. మళ్ళీ పరుగు, మళ్ళీ ఖాళీ. ఆ ఖాళీల్లో వాయించేది చర్చి. తర్వాత చేతులు ఊరుకుంటే కాళ్ళు ఒక్కటే చాలాసేపు వాయిస్తాయి. చివర ఫ్యూగ్, అంటే ఒకే ఎత్తుగడని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే భాగం. ఆ ఎత్తుగడలో కూడా మధ్యమధ్య ఖాళీలే. ముగింపు పెద్ద మోతతో కాదు, చటుక్కున ఆగిపోతుంది. ఆమె వేళ్ళు తీసేసింది. ఆ స్వరం పైకప్పులో తిరిగి తిరిగి ఆరేదాకా ఒక్కరూ కదల్లేదు. అప్పుడు చప్పట్లు కాదు, ముందు బల్లల చప్పుడు వినపడింది: అందరూ లేచి, బలిపీఠానికి వీపు పెట్టి, తలలు పైకెత్తి నిలబడ్డారు. పైన కటకటాల దగ్గర ఆకుపచ్చ స్వెటర్లో ఒక చిన్న ఆకారం. గంటసేపు మమ్మల్ని కట్టిపడేసిన మనిషిని అప్పుడే మొదటిసారి చూడటం. ఆమె తనకి చెరో పక్కన నిలబడి స్టాప్‌లు లాగిన ఇద్దరినీ ముందుకి పిలిచి, వాళ్ళతో కలిసి తలవంచింది.

కచేరీ అయ్యాక కిందికి వచ్చింది, ఆర్గాన్ బూట్లు గుడ్డసంచిలో పెట్టుకుని. ఆ ఖాళీలు ఎలా లెక్కపెట్టావు అని అడిగాను. "పైన నాకు వినపడేది వేరు, కింద మీకు వినపడేది వేరు. నిన్న మా స్నేహితుడు వాయిస్తుంటే నేను ఈ బల్లల మధ్య తిరుగుతూ విన్నాను" అంది. మీరు కూర్చున్న చోట నిలబడి ముందుగా విన్న మనిషి మీ కోసం వాయిస్తోందన్నమాట. ఇంతకంటే మర్యాద శ్రోతకి ఏం కావాలి?

కుర్రవాళ్ళందరూ ఇలాగే ఉండరు. కిందటి వేసవిలో ఒక చిన్న ఊరి చర్చిలో పందొమ్మిదేళ్ళ అబ్బాయిని విన్నాను. నా మటుకు నాకు అతని బాఖ్ మరీ పరుగనిపించింది. కానీ మధ్యలో ఒక స్వరం పట్టేసింది. వేలు తీసినా ఆగలేదు. తేమకి చెక్క ఉబ్బి గాలి మూత సరిగా పడకపోతే ఈ వాద్యంలో అలా అవుతుంది. అతను ఎడంచేత్తో పాట నడుపుతూనే కుడిచేత్తో ఒక్కో స్టాప్ లోపలికి నెట్టి, ఆ స్వరాన్ని మోగిస్తున్నది ఏదో పట్టుకుని మూసేసి, మిగిలిన స్టాప్‌లతోనే ముగించాడు. ఆ రోజు చప్పట్లలో సగం ఆ ధైర్యానికే, నావి కూడా.

పెద్దవాళ్ళు మురిసిపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆ బల్లల మీద ఎక్కువగా నెరిసిన తలలే. ఈ విద్య తమతో ఆగిపోదని వాళ్ళకి తెలియాలి. ఈ బెంగ కొత్తదీ కాదు. బాఖ్ 1703లో పద్ధెనిమిదేళ్ళకే ఆర్న్‌స్టాట్‌లో ఆర్గనిస్టయ్యాడు. 1705లో బుక్స్‌టెహూడెని వినడానికి సుమారు 400 కిలోమీటర్లు నడిచి ల్యూబెక్ వెళ్ళాడు. సెలవు నాలుగు వారాలకి తీసుకుని నాలుగు నెలలకి తిరిగొస్తే పెద్దలు నిలదీశారు. పాటల్లో వింత స్వరాలు కలిపి జనాన్ని తికమకపెడుతున్నావని కూడా కోప్పడ్డారు. 1720లో ఇదే హాంబర్గ్‌లో, యాకోబికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న కథరీనా చర్చిలో, అక్కడి ఆర్గనిస్టు, వృద్ధుడైన రైన్‌కెన్ ఎదుట ఒకే పాట మీద దాదాపు అరగంట అప్పటికప్పుడు అల్లి వాయించాడు. ఈ విద్య చచ్చిపోయిందనుకున్నాను, నీలో బతికే ఉందని ఆ పెద్దాయన అన్నాడట. ఆ ఏడే యాకోబిలో ఆర్గనిస్టు ఉద్యోగానికి బాఖ్ పేరు వచ్చింది. అది చర్చికి 4,000 మార్కుల (అప్పటి అక్కడి డబ్బు) సొమ్ము కట్టిన ఇంకొకరికి దక్కింది.

మీరు ఇంట్లో వినాలనుకుంటే ఆ పాసకాలియాతోనే మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్‌లో కాకుండా కాస్త పెద్ద స్పీకర్లో వినండి, లేకపోతే కాళ్ళ వరస వినపడదు. వేళ్ళతో ఏడేసి లెక్కపెట్టుకోండి.

ఈ డిసెంబరుకి అమ్మ వస్తోంది, యాకోబికి తీసుకెళ్తాను. ఫోన్లో ఇదంతా చెప్తే ఆవిడ అడిగింది ఒక్కటే, "అంత పెద్ద పెట్టెకి తిత్తి ఎవరు వేస్తారు?" అని. ఇప్పుడు మోటారు ఉందమ్మా, పూర్వం వెనక మనుషులు నిలబడి తొక్కేవాళ్ళు అన్నాను. చిన్నప్పుడు తాతయ్య వేళ్ళు నొప్పి పుట్టిన రోజుల్లో ఆ తిత్తి తనే వేసేదట. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళకి ఇప్పుడే చెప్పింది.