అమెరికా ఆంక్షలు మనల్ని కట్టడి చేస్తాయా?

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన మా బాబాయి అడిగిండు: “అమెరికా వద్దంటే ఇరాన్ చమురు మనమెందుకు మానెయ్యాలె? అదేమన్న చట్టమా?”

మనకు చట్టం కాదు. ఐరాస చార్టర్ (దాని మూల ఒప్పందం) 41వ అధికరణ కింద భద్రతా మండలి విధించే ఆంక్షలకే సభ్యదేశాలన్నీ కట్టుబడాలి. 1990లో ఇరాక్‌పై పెట్టినవి అట్లాంటివే.

ఒక దేశం సొంతంగా పెట్టేవి వేరు. ఒప్పందాలు అడ్డురాకుంటే, ఫలానా దేశంతో వ్యాపారం చెయ్యనని ఎవరైనా అనొచ్చు. మధ్య అమెరికా దేశం నికరాగ్వా పెట్టిన కేసులో, 1986 తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ దేశంపై అమెరికా పెట్టిన వాణిజ్య నిషేధాన్ని అంతర్గత వ్యవహారాల్లో జోక్యంగా చూడలేదు; ఆ రెండు దేశాల 1956 స్నేహ ఒప్పందానికి మాత్రం విరుద్ధమంది.

అసలు పేచీ, ‘వాళ్లతో వ్యాపారం చేస్తే నీ మీదా ఆంక్షలే’ అని మూడో దేశాన్ని బెదిరించడం దగ్గర. 2019లో మనం ఇరాన్ చమురు ఆపింది డాలర్ లావాదేవీలకు దెబ్బ తగులుతుందనే. అట్లా బెదిరించడం అన్యాయమనే నేనంటాను. ఇరాన్‌కు మందులు, ఆహారం వెళ్లకుండా అడ్డుపడొద్దని 2018లో అదే న్యాయస్థానం అమెరికాకు మధ్యంతర ఆదేశమిచ్చింది.