పాలపళ్ళకంటే ముందు చూడవలసిన నీరు

చి. మాధవికి, అత్త ఆశీస్సులు.

నల్లగొండ జిల్లా బోరునీళ్ళలోని ఫ్లోరైడునూ, అక్కడి పిల్లల ఊడిన పాలపళ్ళనూ నీ పరిశోధనకు ఎంచుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు గర్వంగానే ఉన్నది కానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవి చెప్పి విసిగించను. నమూనాలను పాలిథీన్ సీసాల్లో పట్టు. బోరును కొంతసేపు వదిలిన తరువాతే పట్టు. పిపెట్టు అనే కొలత గొట్టాన్ని నోటితో పీల్చకు. మేము పీల్చేవాళ్ళం, అదేమీ గొప్ప కాదు. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరే ఆనవాయితీ ఉన్నచోట దాన్ని నీ చేతికివ్వడం చిన్న విషయం కాదు కనుక, ముందు తల్లితో నిదానంగా మాట్లాడు.

అక్కడి గ్రానైటులోని ఫ్లోరైటు, బయోటైటు, అపటైటు వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటిలో అది నిలిచిపోతుంది. ఒంట్లోకి వెళ్ళి, ఎముకకూ పంటికీ గట్టిదనమిచ్చే హైడ్రాక్సీఅపటైటు అనే ఖనిజంలో, హైడ్రాక్సిల్ అనే భాగం ఉండవలసిన చోట కూర్చుంటుంది. రాతిలోని అపటైటుకూ మన పంటికీ ఉన్న ఈ చుట్టరికం మొదట అర్థమైన రోజున నేను అన్నం తినడం మరిచిపోయాను.

ఇక నా పొరపాటు. 1983లో ఒక ఊళ్ళో పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించే నల్లగొండ పద్ధతిలో శుద్ధిచేసిన నీటిని పరీక్షించాను. స్పాడ్న్స్ అనే ఎర్రరంగును కలిపి చూసే పద్ధతిలో ఫ్లోరైడు ఎంత ఉంటే ఆ రంగు అంత వెలిసిపోవాలి. నా గొట్టంలో రంగు కొద్దిగానే వెలిసింది. లీటరుకు 0.9 మిల్లీగ్రాములని రాసుకొని, మోకాళ్ళు లోపలికి వంగిన కూతురిని పక్కన కూర్చోబెట్టుకున్న ఒక తల్లి ఆ నీళ్ళు తాగవచ్చునా అని అడిగితే, నిశ్చింతగా తాగమన్నాను. పటిక నుంచి నీటిలో మిగిలిన అల్యూమినియం ఆ ఫ్లోరైడును పట్టుకొని రంగు దగ్గరికి రానివ్వదన్న సంగతి నేను పుస్తకంలో చదవకపోలేదు. ఆ అల్యూమినియాన్ని వేరుచేసేందుకు నీటిని ఆవిరిచేసి మళ్ళీ నీరుగా పట్టే స్వేదనానికి ఒక పూట పడుతుందని బద్ధకించాను. ఎనిమిది నెలల తరువాత అదే నీటిని స్వేదనం చేసి చూస్తే 2.6 వచ్చింది; 1.5 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ తల్లి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. ఆవిడ ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్ళి, ఎండన పడి వచ్చానని గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అదీ ఆ నీళ్ళతో చిలికినదే.

ఫ్లోరైడును రంగు లేకుండా నేరుగా కొలిచే ఎలక్ట్రోడు ఉన్నది కదా అత్తా, అంటావు. దానితో కొలిచేముందు నమూనాలో కలిపే టిసాబ్ బఫరు ద్రావణం అల్యూమినియం పట్టును చాలావరకు విడిపించే మాట నిజమే; అల్యూమినియం ఎక్కువైతే అదీ చాలదు. ప్రతి శుద్ధినీటి నమూనాలోనూ తెలిసినంత ఫ్లోరైడు కలిపి, కలిపినంతా తిరిగి కనబడుతున్నదో లేదో చూసుకో. చిన్నప్పుడు ఉడకని అన్నం మూత తీసి మీ అమ్మ చేత తిట్లు తిన్న తొందర నీది. అది పోయిందని నేను నమ్మను. ఫలితం రెండుసార్లు సరిపోలిన తరువాతే ఊళ్ళో నోరు విప్పు.

నా స్వేదన గాజుసామాను అటక మీద నుంచి దింపించి కడిగి ఉంచాను, వచ్చి తీసుకువెళ్ళు. ఎండకు గొడుగు మరవకు. తాగే నీళ్ళు వెంట ఉంచుకో. ఎవరైనా మజ్జిగ ఇస్తే మాత్రం కాదనకు.

మీ అత్త